గాలి పట్టిన పొద్దు

అయిదుంపావుకి స్విచ్చి వేశాను.
మోటారు తిరిగింది గానీ నీళ్ళు రాలేదు.
బుట్ట మీది గాజు మూతలో
సగం నీళ్ళు, సగం బుడగలు,
ఎండు గొంతుతో ఎవరో పుక్కిలిస్తున్నట్టు.

గాలి పట్టింది.

ఆరింటికల్లా దర్గామిట్ట పిల్లలు దిగిపోతారు,
మెడల్లో తువ్వాళ్ళు, నెత్తిన రబ్బరు టోపీలు.
రాత్రంతా కదలని నీళ్ళ మీద
వేపాకులు, చచ్చిన తూనీగ,
నిన్నటి ఒళ్ళు వదిలిన నూనెపొర.
రోహిణి కార్తె. ఈ ఎండకి కదలకుండా రెండు రోజులుంటే
కొలనుకి నాచు పడుతుంది.

మోటారు ఆపాను.
ఆపకుండా ఏ వాల్వూ తిప్పకూడదు.
సిలారు బాయి నేర్పిన మొదటి మాట అది.
రెండోది ఒంటబట్టడానికి ఏడాది పట్టింది:
"పంపు నీళ్ళు లాగదు రవణమ్మా,
ఎవురన్నా లాగతాదంటే నమ్మబాక.
దాని కడుపులో నీళ్ళు అవతలికి తోసేసి
ఖాళీ చేసుకుంటాది, అంతే.
కొలను మీద గాలి కూచోనుండాదే,
ఆ బరువే నీళ్ళని ఇట్టా తోస్తాది."
నేను పైకి చూసి నవ్వాను.
అంత ఆకాశం
ఈ రెండంగుళాల గొట్టం కోసం పనిచేస్తదా అని.

ఆ గోడ కింద గొట్టాలు రెండు.
ఒకటి అంచు నుంచి, తేలేవన్నీ అందులోకి.
ఒకటి అడుగు నుంచి, మునిగేవన్నీ ఇందులోకి.
అడుగున మాత్రం రెండు నోళ్ళు, ఆరడుగుల ఎడంలో.
ఎందుకు బాయీ రెండు, ఖర్చు కాదా అన్నాను.
"ఒక్క నోరైతే పట్టుకుంటాది.
రెండైతే ఒకటి మూసుకున్నా రెండోది తాగతాది,
పిల్లోడు లేచొస్తాడు."
ఏ పిల్లోడని నేనడగలేదు.
ఆయన చెప్పలేదు.
జాలీ మరలు మాత్రం ప్రతి సోమవారం
తనే మునిగి బిగించేవాడు.

సబ్బు నురగ చేసి అతుకతుకుకీ రాశాను.
ఒక్క నిమిషం మోటారు వేసి కళ్ళప్పగించాను.
పగులుంటే నురగని లోపలికి పీల్చుకుంటుంది.
మోచేతి వంపు దగ్గర లేదు.
వాల్వు దగ్గర లేదు.
మూత అంచున మాత్రం
నురగ ఒక చోట సన్నగా గుంట పడింది.

మళ్ళీ ఆపి, మూత విప్పాను.
రబ్బరు రింగు మీద అడ్డంగా
ఒక వెంట్రుక.
వెంట్రుక వాసి అంటారే, అదే,
అక్షరాలా అంతే.
ఆ సందున దూరిన గాలి
మోటారు ఖాళీ చేసిన చోటునల్లా నింపేస్తుంటే
ఇక నీళ్ళెట్టా వస్తాయి?

దీపం కింద పట్టుకు చూశాను.
పిల్లలది కాదు. సగం తెల్లగా ఉంది.
నిన్న సాయంత్రం బుట్ట దులిపేటప్పుడు
వంగింది నేనే.
పదకొండేళ్ళుగా ఈ నీళ్ళలో కాలు పెట్టనిదాన్ని,
ఈత రానిదాన్ని.

రింగు తుడిచి గ్రీజు రాశాను.
చెంబుతో నీళ్ళు తాగించాను పంపుకి,
తొమ్మిదో చెంబుకి గొంతు దాకా వచ్చాయి.
మూత బిగించి, స్విచ్చి.

మొదట దగ్గు.
తర్వాత బుడగలు, చిన్నవి, ఇంకా చిన్నవి.
ఇసుక డ్రమ్ము నెత్తిన ఊపిరి బుస్సుమంది.
ముల్లు లేచి పది మీద నిలిచింది.
చిల్లకూరు తెల్ల ఇసుక అది.
మా అమ్మమ్మ ఆ ఇసుకతో గిన్నెలు తోమేది,
ఇప్పుడది దర్గామిట్ట మురికిని
గింజ గింజకీ పట్టుకుంటుంది.
పట్టుకోను పట్టుకోను ఇంకా బాగా పడుతుంది,
ముల్లు పద్దెనిమిదికి పోయే దాకా.
అప్పుడు పిడి తిప్పి, తల్లకిందులుగా నీళ్ళు పంపి
కడుపు కడగాలి దానికి.
అద్దం బుడ్డిలో టీ రంగు, కలి రంగు,
ఆఖరికి ఏ రంగూ లేని దాకా.
ఆ పని శనివారానికి.

ఆరుకి అయిదు నిమిషాలు.
గోడలోని మూడు కళ్ళ నుంచి
నీళ్ళు కొలనులోకి తిరిగొస్తున్నాయి.
తూనీగ మెల్లగా, తిరుగుతూ తిరుగుతూ
అంచు దారి పట్టింది.

హరనాథ్ సారు విజిల్ మెడలో వేసుకుంటూ
"నీళ్ళు బాగున్నాయా?" అన్నారు.

"తిరగతుండాయి సార్."